ప్లీజ్ గాడ్, ప్లీజ్ ఫ్లై

నేలమీద నడిచే శత్రువుని ఎట్లా చంపాలో మార్కాపురంలో మా ఈడు పిల్లలందరికీ వచ్చు. ఐజీఐ ఆటలో గోడచాటున నక్కి కాల్చడం, వైస్ సిటీలో కారుతో గుద్దేయడం, రోడ్ రాష్‌లో పక్కవాడి చేతిలో కర్ర లాక్కుని వాడినే బాదడం, ఇవన్నీ హైస్కూలు దాటకముందే అబ్బిన విద్యలు. పైనుంచి వచ్చేదాని దగ్గరే మా పరువు పోయేది. అది కూడా రెక్కలున్న ఆడమనిషి రూపంలో, అరుచుకుంటూ, గుంపులు గుంపులుగా వచ్చేది. 2003 ఎండాకాలం సెలవుల్లో మా ఊళ్లో ఎంతమంది మగపిల్లలు ఆ రెక్కలదానికి దడుచుకున్నారో చెప్తే ఇప్పుడు వాళ్ల పెళ్లాలు నమ్మరు.

ఆట పేరు సీరియస్ శామ్. క్రొయేషియాలోని జాగ్రెబ్ నగరంలో క్రోటీమ్ అనే బృందం తయారుచేసి 2001లో విడుదల చేసింది. ఈ వివరాలు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిశాయి. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఇంతే: శామ్ అనేవాడు ఈజిప్టు ఎడారిలో పాత గుళ్ల మధ్య ఒంటరిగా తిరుగుతుంటాడు, నాలుగు దిక్కుల నుంచీ వాడి మీదికి దండు వస్తుంది. తల లేని మొండేలు రెండు చేతుల్లో బాంబులు పట్టుకుని కేకలు పెడుతూ పరిగెత్తుకొస్తాయి. తల లేనివాడు కేక ఎట్లా పెడతాడని మాలో ఎవరూ అడగలేదు. ఎముకల గూళ్లు గిట్టల చప్పుడుతో వచ్చి దూకుతాయి, ఎద్దులు కుమ్ముతాయి. ఐజీఐలో ఓపిక పట్టినవాడు గెలుస్తాడు. ఇందులో ఆగినవాడు చస్తాడు. కాళ్లు కదులుతూనే ఉండాలి, వేలు మౌసు మీద నొక్కే ఉండాలి, దండు ముందుకొచ్చేకొద్దీ వెనక్కి నడుస్తూ కాల్చుకోవాలి. అంత గోలలో ఆకాశం సంగతి ఎవడికి గుర్తుంటుంది?

నెట్ సెంటరు బస్టాండు నుంచి కంభం రోడ్డులోకి తిరిగాక ఒక పురుగుమందుల కొట్టు పైన ఉండేది. మెట్లెక్కుతుంటేనే ముక్కు పగిలే మందువాసన. కొన్నాళ్లకి ఆ వాసన తగిలితే చాలు, ఆట గుర్తొచ్చి చేతులు దురదపెట్టేవి. పైన కంప్యూటర్ల మధ్య అడ్డుగా బిగించిన చెక్కలన్నీ పలకలకి చట్రాలు వేసే వడ్రంగి పనితనమే కాబట్టి ఒక్కో క్యాబిన్ నిలువెత్తు పలకలా ఉండేది. ఓనర్ని అందరం అన్నా అనేవాళ్లం. మా నాన్న వయసుకి దగ్గరపడ్డవాడే, అయినా అన్నే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్ ఒక్కటే ఉండేది. స్పీకర్లు కూడా దానికే. సీరియస్ శామ్ ఆడాలంటే దాని కోసమే కాచుకోవాలి. ఒకడు ఆడితే వెనక నలుగురు నిలబడి సలహాలిచ్చేవాళ్లు. ఆడేవాడు డబ్బులిచ్చేవాడు, సలహాలిచ్చేవాళ్లు మాత్రం ఊరికే నిలబడేవాళ్లు, అందుకే అన్న వాళ్లని అప్పుడప్పుడూ చీపురుతో తరిమేవాడు.

మార్కాపురం పలకల ఊరని చెప్పనక్కర్లేదు. చుట్టుపక్కల భూమిలో పొరలు పొరలుగా విడిపోయే రాయి ఉంది. గనిలో దిమ్మలు తీసి, ఉలితో పొరలు చీల్చి, కోసి, నున్నచేసి, చట్రం బిగించి దేశం నలుమూలలకీ పంపేవాళ్లు. తెలుగు పిల్లలు అఆలు దిద్దిన పలకల్లో చాలావాటి పుట్టిల్లు ఇదే. నేను బళ్లో చేరే నాటికి ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి ఆ గిరాకీని దెబ్బకొట్టాయి. ఫ్యాక్టరీలు నేలకీ గోడలకీ వేసే స్లేటు బండల వైపు, ఎగుమతుల వైపు మళ్లాయి. సరుకు మారింది గానీ దుమ్ము మారలేదు. రాయి కోసేచోట లేచే బూడిదరంగు పొడి వేపాకుల మీద, దండెం మీద ఆరేసిన బట్టల మీద పేరుకునేది. కూలీల ఊపిరితిత్తుల్లోకీ పోయేది. మా నాన్న ఒక పలకల ఫ్యాక్టరీలో గుమస్తా. సాయంత్రం ఇంటికి రాగానే వాకిట్లో నిలబెట్టి చొక్కా విప్పించి దులిపిన తర్వాతే మా అమ్మ లోపలికి రానిచ్చేది.

ఆ పొడి మౌసులోకి కూడా వచ్చేది. అప్పటివి గుండు మౌసులు. తిరగేసి అడుగున ఉన్న గుండ్రటి మూత తిప్పితే రబ్బరు పూత ఉన్న బరువైన గుండు చేతిలో పడేది. లోపల రెండు సన్నటి కడ్డీలు. గుండు దొర్లినప్పుడు ఒకటి అడ్డ కదలికని పట్టుకుంటుంది, రెండోది నిలువు కదలికని. ఆ కడ్డీల నడుమ బూడిదరంగు మడ్డి పట్టీ కట్టేది. గోటితో గీకితే ఉండలు ఉండలుగా ఊడొచ్చేది. ఏ కారణం చేతనో మా నెట్ సెంటర్లో నిలువు కడ్డీయే ముందు మొండికేసేది. పక్కలకి చూడమంటే శామ్ గిరగిరా తిరిగేవాడు. పైకి చూడమంటే మెడపట్టేసిన ముసలాడై పోయేవాడు. అదే సమయానికి నెత్తిమీద రెక్కల చప్పుడు. "అన్నా, మౌసు పైకి పోటల్లే!" అని ఎవడో ఒకడు అరవడం, "గోళ్లు లేవా నీకు? గీక్కోరా!" అని అన్న కౌంటర్ దగ్గర్నుంచి కసరడం, గుండు తీసి గీకేలోపు శామ్ చచ్చి పడుండడం. పశ్చిమ ప్రకాశం నేలకీ గాల్లో ఎగిరే ఆ ఆడదానికీ ఏదో ఒప్పందం ఉందని నాకు గట్టి అనుమానం.

తప్పంతా దుమ్ము మీదికి నెట్టలేను. పైకి చూడటమే మాకు అలవాటు లేని పని. ఈ తరహా ఆటల్లో మా ఓనమాలు డూమ్‌తో. 1993లో అమెరికాలోని ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసిన ఆట, పత్రికలతో వచ్చే సీడీల్లో మా ఊరికి ఏళ్లు ఆలస్యంగా చేరింది. అందులో తల ఎత్తే పనే లేదు. గాల్లో తేలే ఒంటికన్ను ఎర్రగుండు ఒకటి నోట్లోంచి మంట ఉమ్ముతుంది. దాని కింద మన తుపాకి తిన్నగా పెట్టి కాలిస్తే చాలు, ఎత్తు తేడాని ఆటే సరిచేసి తగిలిస్తుంది. ఎడమా కుడీ సరిచూసుకుంటే పని అయిపోయేది. మౌసు కూడా అక్కర్లేదు, కీబోర్డు మీద బాణం గుర్తులు చాలు. ఆ అలవాటుతో సీరియస్ శామ్‌లోకి దిగినవాడికి కింద పన్నెండు మంది కనపడతారు, పైన ఉన్న ఏడుగురు కనపడరు. స్క్రీన్ అంచున ఎర్రగా మెరుస్తుంది, ప్రాణం నూరు నుంచి అరవైకి, అరవై నుంచి ఇరవైకి పడిపోతుంది, ఎవడు కొడుతున్నాడో అర్థం కాదు. వెనకున్న సలహాదారులు "పైన్రా, పైన!" అని గొంతు చించుకునేవాళ్లు. ఆడేవాడు తనే కుర్చీలోంచి తలెత్తి ఫ్యాను వైపు చూడటం నేను కళ్లారా చూశాను.

ఆ రెక్కలదాన్ని ఏమని పిలవాలన్నది పెద్ద పేచీ. ఆటలో దానికి హార్పీ అని పేరు. గ్రీకుల పురాణంలో సగం ఆడమనిషి, సగం పక్షి. ఆ సంగతి మాకెవరు చెప్తారు? మాలో కొందరు దేవకన్య అన్నారు. అది ఒప్పుకోడానికి నాకు మనసు రాలేదు. తెలుగు సినిమా దేవకన్యకి రెక్కలుండవు. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లోనైనా, 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లోనైనా పైలోకపు అమ్మాయిలు రెక్కల్లేకుండానే దిగొచ్చారు. మన దేవతలకి ఎగరడానికి రెక్కలెందుకు, ఎగరాలనుకుంటే చాలు. రెక్కలంటే మా చెన్నకేశవస్వామి గుళ్లో గరుత్మంతుడికి. ఆయన మగాడు, పైగా వాహనం.

మా క్లాసులో క్రైస్తవుల పిల్లాడు ఒకడు ఈ చర్చని తేల్చేశాడు. వాళ్లింట్లో గోడ క్యాలెండర్ మీద పొడుగు తెల్లగౌనుతో, భుజాల వెనక రెండు రెక్కలతో ఉన్న బొమ్మని మేమంతా చూశాం. అది దేవదూత, ఇది దాని చెడిపోయిన అక్క అన్నాడు. వాడి మాటకి ఎదురు లేకపోయింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొరలు మా తాతల తాతల కాలంలోనే ఒంగోలు నుంచి కంభం, మార్కాపురం దాకా వచ్చారు. 1878 జూలైలో జాన్ క్లౌ ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అదే గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి మా కంభం చెరువు నింపి పోతుంది. కాబట్టి రెక్కల దేవదూత మా ప్రాంతానికి పరాయిదేమీ కాదు, అప్పటికే నూటపాతికేళ్లుగా ఇక్కడి గోడల మీద ఉంది. మా అమ్మ మాత్రం ఒకసారి నన్ను వెతుక్కుంటూ పైకొచ్చి, స్క్రీన్ చూసి, "ఆడకూతుర్ని తుపాకీతో కాల్చే ఆటేందిరా ఇది?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఆ మాటకొస్తే పెద్దవాళ్ల ఫిర్యాదులే ఆ ఆటకి అందం తెచ్చాయి. తెర నిండా నెత్తురని ఎవరో గొడవపెట్టుకుంటే అన్న సెట్టింగ్స్‌లోకి పోయి నెత్తురు తీసేశాడు. సీరియస్ శామ్ చేసినవాళ్లు చిలిపివాళ్లు. నెత్తురు ఎర్రగా ఉండాలా, పచ్చగా ఉండాలా అని అడిగి, హిప్పీ అని ఇంకో రకం కూడా పెట్టారు. అది ఎంచుకుంటే చచ్చినవాడి ఒంట్లోంచి పూలు రాలతాయి. ఇక చూడండి, నెత్తిమీద ఎగిరేదాన్ని గురిచూసి కొట్టామా, ఆకాశం నుంచి రంగురంగుల పూలు. పౌరాణిక సినిమాల్లో రాక్షసుడు చచ్చాక దేవతలు చల్లేవి ఇక్కడ చచ్చిన ప్రాణి ఒంట్లోంచే వచ్చేవి. వెనకున్న నలుగురిలో ఒకడు నోటితో శంఖం ఊదేవాడు.

ఇంతకీ దాన్ని కొట్టడం ఎట్లా? చెవులతో. అది కనపడే ముందు వినపడుతుంది. ఆ ఆటలో ప్రతి శత్రువుకీ ఒక కూత ఉంది, వెనక ఏముందో తిరిగి చూడకుండా చెప్పొచ్చు. అందుకే స్పీకర్ల మిషన్‌కి అంత గిరాకీ. దూరంగా ఉంటే అది మంత్రపు గోళాలు విసురుతుంది, దగ్గరికొస్తే గోళ్లతో చీరుతుంది. గోళాలకి పక్కకి తప్పుకోవచ్చు. అసలు చిక్కు అవి అన్నీ ఒకే ఎత్తులో ఎగరకపోవడం. మొదట్లో మేం మినీగన్ పెట్టి ఆకాశమంతా చల్లేవాళ్లం. తూటాలు అయిపోయేవి, రెక్కలు మిగిలేవి. అప్పుడు కింద ఎద్దు మొదలయ్యేది. బాగా ఆడేవాళ్లు వాటిని దగ్గరికి రానిచ్చేవాళ్లు. వెనక్కి నడుస్తూ, అన్నీ ఎదురుగా ఒకే గుంపుగా అయ్యేదాకా లాక్కొచ్చి, మీదికి వాలుతుంటే రెండు గొట్టాల తుపాకీతో మొహం మీద కొట్టేవాళ్లు. ఒక్క దెబ్బ చాలు. కానీ రెక్కలు విప్పి మీదికి వస్తున్నదాని మొహం స్క్రీన్ నిండా పెద్దదయ్యేదాకా వేలు ఆపుకోవడం ఉంది చూశారూ, అది మా వల్ల అయ్యేది కాదు.

గిద్దలూరు బావ వల్ల అయింది. మా మేనత్త కొడుకు. సెలవులకి గిద్దలూరులో రైలెక్కి, కంభం, తర్లుపాడు దాటి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేవాడు. సంచీలో బట్టల కంటే సీతాఫలాలో చింతకాయలో ఎక్కువుండేవి, రుతువుని బట్టి. నా కంటే రెండేళ్లు పెద్ద. కంప్యూటర్ ముట్టడం మా నెట్ సెంటర్లోనే మొదలు. మౌసు పట్టుకోవడం కూడా రానివాణ్ణి సీరియస్ శామ్ ముందు కూర్చోబెట్టి నవ్వుకుందామనుకున్నాం. కింద ఉన్నవాటి చేతుల్లో ఘోరంగా చచ్చాడు. రెక్కలది రాగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

వాళ్లకి అడవి అంచున జొన్నచేను ఉంది. గింజ పాలుపోసుకునే వేళకి నల్లమల నుంచి చిలకలు దిగుతాయి. మంచె ఎక్కి వడిసెల తిప్పి రాయి విసరడం వాడి డ్యూటీ. తాడు మధ్యలో రాయి పెట్టి, నెత్తిపైన గిర్రున తిప్పి, ఒక కొస వదిలేస్తే రాయి ఈల వేసుకుంటూ పోతుంది. చిలకని చంపడం కాదు, గుంపు లేచిపోవాలి. అయినా వాడు గురి చూసే కొట్టేవాడు. శామ్ చేతికి రాకెట్ గొట్టం వచ్చాక ఆ మంచె విద్య బయటపడింది. తుపాకి తూటా నొక్కిన క్షణానే తగులుతుంది. రాకెట్ అట్లా కాదు, దానికి ప్రయాణం ఉంది. మేం రెక్కలది ఉన్నచోట కొట్టేవాళ్లం, రాకెట్ చేరేసరికి అది ఉండేది కాదు. "అది ఉన్నకాడ కాదురా, పోబోయేకాడ కొట్టాల" అన్నాడు బావ. వాడు ఖాళీ ఆకాశంలోకి కొట్టాడు. మేం నవ్వేలోపు రెక్కలది తనంతట తనే వచ్చి ఆ రాకెట్ ముందు నిలబడింది. పూలు రాలాయి. చీపురు పట్టుకుని వచ్చిన అన్న కూడా ఆగి చూశాడు.

అదే అన్న ఆ సెలవుల చివర్లో ఆట మొత్తాన్నీ పాడుచేశాడు. బావ రేపు ఊరికి పోతున్నాడని తెలిసి, మంచి మనసుతోనే, చీట్ కోడ్ నేర్పాడు. సీరియస్ శామ్‌లో చీట్ కొట్టాలంటే ముందు బతిమాలాలి. కన్సోల్ తెరిచి ఇంగ్లీషులో ప్లీజ్ గాడ్ అని టైప్ చేస్తే ఇక చావు లేదు. ప్లీజ్ గివాల్ అంటే ఆయుధాలన్నీ వచ్చేస్తాయి. ప్లీజ్ ఫ్లై అంటే ఎగరొచ్చు. దేవుణ్ణి బతిమాలి దేవదూతని చంపే ఏర్పాటు జాగ్రెబ్ కుర్రాళ్లు నవ్వుకోడానికే పెట్టి ఉంటారు. మేం మాత్రం నిజంగా భక్తిగానే టైప్ చేశాం. స్పెల్లింగ్ తప్పు పోతే వరం రాదు కదా.

బావ ఎగిరాడు. మొట్టమొదటిసారి వాటిని కింద నుంచి కాకుండా ఎదురుగా, మొహంలో మొహం పెట్టి చూశాం. అవి గోళాలు విసిరాయి, మాకేం కాలేదు. గోళ్లతో చీరాయి, ఏం కాలేదు. పైనుంచి చూస్తే ఆ ఈజిప్టు ఎడారి మార్కాపురం కంటే చిన్నది. ఎద్దులు ఎక్కడో కింద అటూ ఇటూ పరిగెడుతున్నాయి పాపం. పది నిమిషాలకి బావ కీబోర్డు నా వైపు తోసి, "నువ్వాడుకో" అని లేచిపోయాడు. గంటకి కట్టిన డబ్బులో ఇంకా సగం మిగిలుంది. ఆ రోజుల్లో మిగిలిన అరగంటని వదిలేసి లేచినవాణ్ణి నేను వాడొక్కణ్ణే చూశాను.

ఆ రాత్రి కరెంటు కోత. మే నెలలో మా వైపు ఇళ్లల్లో పడుకోడం కుదిరే పని కాదు, అందరం మిద్దె మీదే. మా అవ్వది త్రిపురాంతకం పక్క పల్లె. శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు త్రిపురాంతకాన్ని. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. త్రిపురాసుర సంహారం జరిగింది తమ కొండ మీదేనని అక్కడివాళ్ల గట్టి నమ్మకం. మేం రెక్కలదాని గురించి వాదించుకుంటుంటే విని అవ్వ ఆ కథ ఎత్తుకుంది. తారకాసురుడి కొడుకులు ముగ్గురికీ మూడు ఊళ్లు. ఒకటి బంగారుది, ఒకటి వెండిది, ఒకటి ఇనుముది. మూడూ ఆకాశంలో తిరుగుతుంటాయి. వాటిని కూల్చాలంటే ఒకే బాణంతో మూడింటినీ కొట్టాలి. అవి ఒక వరసలోకి వచ్చేది వెయ్యేళ్లకి ఒక్కసారి. శివుడికి భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, మేరుకొండ విల్లు, వాసుకి నారి, బ్రహ్మ సారథి, విష్ణువే బాణం.

ఆయుధాల జాబితా మాకు బాగా నచ్చింది. ప్లీజ్ గివాల్ కంటే పెద్దదది. బావకి మాత్రం ఇంకో సందేహం వచ్చింది.

"మూడూ వరసలోకి వచ్చేదాకా ఏం చేశాడవ్వా?"

"ఏం చేస్తాడు, కూసుని సూసినాడు" అంది అవ్వ.

"కింద ఎద్దులు రాలేదా?"

"ఎద్దు ఆయన వాహనమే గదరా, అదేం చేస్తాది" అని అవ్వ అటు తిరిగి పడుకుంది.

తర్వాత పదిహేడేళ్లు నేను రెక్కలున్నదాన్ని కాల్చలేదు. ఇంజనీరింగు, బెంగళూరు, ఉద్యోగం. 2020 ఉగాదికి ఇంటికొచ్చాను. పండగ రోజు, మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఉగాది పచ్చడి తిని మార్కాపురంలోనే ఇరుక్కుపోయాను. డూమ్ వరసలో కొత్తది, డూమ్ ఎటర్నల్, సరిగ్గా ఐదు రోజుల ముందు, మార్చి 20న విడుదలైంది. పగలు ఆఫీసు పని, రాత్రి అది డౌన్‌లోడ్ పెట్టుకుని మిద్దె మీద గదిలో కూర్చోవడం. నలభై జీబీ పైమాటే. మా వీధి కేబుల్ నెట్ ఆ బరువుకి మూలిగింది.

మేం చిన్నప్పుడు ఆడిన డూమ్‌లో నరకం ఉండేది గానీ స్వర్గం లేదు. ఇందులో స్వర్గం లాంటి చోటు కూడా ఉంది. పేరు ఊర్డాక్. తెల్లగా, ప్రశాంతంగా, బంగారు తళుకులతో ఉంటుంది. అక్కడి వాళ్లని మేకర్లంటారు. వాళ్ల రాణి ఖాన్ మేకర్ నరకంతో లోపాయకారీ వ్యాపారం పెట్టుకుంది. అంటే ఈసారి దేవదూతే విలన్, క్యాలెండర్ అక్కకీ చెల్లికీ తేడా లేదు. ఊర్డాక్‌లో గాల్లో తేలే డ్రోన్లు ఎదురవుతాయి. వాటిని ఒంటి మీద కొడితే నిదానంగా చస్తాయి. గురి చూసి తల మీద కొడితే టప్పున పగిలి తూటాలూ ప్రాణమూ రెండూ మన మీదికి రాలుస్తాయి. ఈ ఆటలో తూటాలకి ఎప్పుడూ కరువే, కాబట్టి ఆ తలల కోసమే మెడ ఎత్తాలి. డూమ్ పేరున్న ఆటలో నన్ను పైకి చూడమని ఇంతగా ఒత్తిడి చేస్తారని 1993 నాటి డూమ్ ఆడినవాడు ఎవడూ ఊహించి ఉండడు.

ఆ అక్టోబర్ 20న దీనికి 'ది ఏన్షెంట్ గాడ్స్' అని మరో భాగం వచ్చింది. బ్లడ్ మేకర్ అందులోదే. నాకు తెలిసిన రెక్కల శత్రువులన్నిట్లోకీ అది పెద్ద మొండిఘటం. నెత్తుటిరంగు తిరిగిన దేవదూత, చేతిలో ఈటె, చుట్టూ కవచం. ఆ కవచం ఉన్నంతసేపూ దాని మీద ఏ ఆయుధమూ పనిచేయదు. మినీగన్ చల్లే అలవాటున్నవాడు సంచీలో ఉన్న తూటాలన్నీ చల్లుకుని చేతులు దులుపుకోవాల్సిందే. అది తన పెద్ద దెబ్బ మన మీద విసిరిన తర్వాత కవచం దిగుతుంది. ఒక రెప్పపాటు. అప్పుడు బాలిస్టాతోనో, గురిచూసే ప్రెసిషన్ బోల్ట్‌తోనో తల మీద ఒక్కటి తగిలిస్తే చాలు, అంతటి దేవదూతా అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఆ రెప్పపాటు వచ్చేదాకా కింద మిగతా పిశాచాలు ఊరుకోవు. వాటితో పరుగులు పెడుతూనే, వాటిని కొడుతూనే, ఒక కన్ను పైన పెట్టుకోవాలి. శివుడికి ఉన్న వసతి, కూర్చుని చూడటం, మనకి లేదు. ఎద్దు మన పక్షం కాదు.

దసరా సెలవులకి బావ గిద్దలూరు నుంచి బైక్ మీద వచ్చాడు. ఇప్పుడు వాడిది సెల్‌ఫోన్ల కొట్టు, పొలం కౌలుకిచ్చాడు. మూతికి మాస్కు, పక్కన ఎనిమిదేళ్ల కూతురు. మిద్దె మీద లాప్‌టాప్ చూడగానే చెప్పులు విప్పి మఠం వేసుకుని కూర్చున్నాడు. నేను కీలు చూపించాను. పావుగంటలో చేయి తిరిగింది. బ్లడ్ మేకర్ వచ్చింది. వాడు దాని ముందు ఖాళీలో కొట్టాడు, పాత అలవాటు. అది కవచంతో అట్లాగే వచ్చింది, ఈటె విసిరింది, బావ చచ్చాడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ చచ్చాడు. నేను అసలు కిటుకు చెప్పాను: పోబోయేకాడ కొట్టడం కాదు బావా, అది నిన్ను కొట్టాక కవచం దించుతుంది, అప్పుడు తల మీద కొట్టు.

బావ ఆట ఆపి నా వైపు తిరిగాడు. "అంటే ఎప్పుడు కొట్టాల్నో అదే చెప్తాదా?"

"చెప్తుంది."

"చెప్పి కొట్టించుకునేది శత్రువేందిరా? చిలక చెప్పి దిగుతాదా చేలో? మన రెక్కలది నయం. అది ఎవురికీ ఏం చెప్పలేదు."

ఈ విషయంలో వాడితో నేను ఇప్పటికీ ఏకీభవించను. సీరియస్ శామ్ హార్పీకి ఎత్తు తప్ప తెలివి లేదు. బ్లడ్ మేకర్‌ని చేసినవాళ్లు ఆడేవాడి వేలికి బుద్ధి చెప్పాలనుకున్నారు, మా నెట్ సెంటర్లో మేం ఎవరమూ ఆపుకోలేని ఆ వేలికి. అదే మాట వాడికి చెప్పాను. పైగా చెప్పి కొట్టించుకుంటున్నా నువ్వు కొట్టలేకపోతున్నావు కదా బావా అని కూడా అన్నాను.

వాడికి రోషం వచ్చింది. కూతురు వాడి భుజం మీంచి వంగి చూస్తోంది. ఈసారి కింద పిశాచాల మధ్య గిరగిరా తిరుగుతూ, తిట్లు తిడుతూ, ఒక్క తూటా కూడా పైకి వదలకుండా ఆగాడు. ఈటె పడింది. కవచం దిగింది. "నాయనా, ఇప్పుడు!" అని పిల్ల అరిచింది. బావ కొట్టాడు, తగిలింది, బ్లడ్ మేకర్ ముక్కలైంది. వాడు మౌసు వదిలి చేతులు దులుపుకున్నాడు. కిందున్న పిశాచం ఒకటి వెనక నుంచి వచ్చి వాణ్ణి చంపేసింది.

"పూలేవిరా?" అన్నాడు బావ.

"దీంట్లో పూలు లేవు."

"అట్లయితే ఇంక నువ్వే ఆడుకో" అని వాడు లేవబోయాడు గానీ, అప్పటికే కూతురు వాడి ఒళ్లోకి దూరి మౌసు పట్టుకుంది.